పొట్ట నిండిన గోల్‌కీపరు

సెప్టెంబరు 17, బుధవారం

ఇంట్లో పైకి మాట్లాడలేని సంగతి ఒకటి వచ్చిపడింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో రాస్తే మా ఇంట్లో నేను తప్ప చదివేవాళ్ళు లేరు. మా ఆవిడ కోటేశ్వరికి బర్మా అక్షరాలే వచ్చు. కూతురు సత్యశ్రీకి తెలుగు మాట్లాడటమే బరువు. అమ్మకు ఏ అక్షరమూ రాదు. ఇంతకన్నా గట్టి తాళం రంగూన్‌లో బోటాటౌంగ్ బజారంతా వెతికినా దొరకదు.

సంగతి ఏమిటంటే, చచ్చిపోయిన మా తాత చచ్చిపోలేదట.

సాయంత్రం కరెంటు రాగానే సత్యశ్రీ ఫోను పట్టుకొచ్చింది. రష్యాలో మొక్రోవ్‌స్క్ అనే ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉందట. వాళ్ళు ఒక ముసలాయన చేతి ఫొటో పెట్టి, ఈ రాత ఏ భాష అని లోకాన్నంతా అడుగుతున్నారు. అది చేతులు మారి మారి మన రంగూన్ తెలుగువాళ్ళ గ్రూపులో తేలింది. ముడతలు పడిన చెయ్యి, మీద పచ్చబొట్టు. "పోలమ్మ" అని. పక్కన చిన్న చేప.

పోలమ్మ మా అమ్మమ్మ పేరు. ఆ చేప కూడా నాకు తెలుసు. దాని జత అమ్మమ్మ చేతి మీద ఉండేది.

లోకంలో పోలమ్మలు బోలెడంతమంది ఉంటారు అన్నాను.

"సేపలూ బోలెడా నానా?" అంది సత్యశ్రీ.

వెళ్ళి చదువుకోమన్నాను.

సెప్టెంబరు 18

ఎవరో ముసలాయన. మనకెందుకు.

సెప్టెంబరు 19, శుక్రవారం

నన్ను అడక్కుండా పిల్ల క్లబ్బుకి రాసేసింది. సంచౌంగ్‌లో రష్యన్ క్లాసుకి వెళ్తానంటే నిరుడు ఒప్పుకున్నది నేనే. ఎవరు తీసుకున్న గోతిలో వాళ్ళే పడతారు.

జవాబు కూడా వచ్చేసింది. రాసినాయన పేరు గెన్నాది పెత్రోవిచ్. ఒకప్పుడు బడిలో డ్రాయింగు మాష్టారు, ఇప్పుడు ఆ క్లబ్బు చరిత్ర రాస్తున్నాడు. ముసలాయన పేరు అచ్చెన్న. వయసు తొంభై మూడు. పద్నాలుగేళ్ళు క్లబ్బుకి గోల్‌కీపరు, తర్వాత ముప్పై ఏళ్ళు మైదానంలో గడ్డి కోసే పని. రంగూన్ నుంచి బియ్యం ఓడలో వచ్చాడట.

మా ఇంట్లో చెప్పుకునే కథ వేరు. 1956లో, ఆశ్వయుజ బహుళ పంచమి నాడు, అచ్చెన్న తాత బోటాటౌంగ్ జెట్టీలో రష్యా ఓడకి బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నాడు. మధ్యాహ్నం కూటి వేళ దాటాక ఆయన తువ్వాలు, చెప్పులు జెట్టీ అంచున కనిపించాయి. మనిషి లేడు. నది తీసుకుపోయిందన్నారు. మూడు రోజులు పడవలతో వెతికారు. శవం దొరక్కపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చెయ్యాలి కదా, అలాగే చేశారు. కర్మలన్నీ లోటు లేకుండా జరిపారు. అమ్మకి అప్పుడు మూడేళ్ళు.

క్లబ్బు కథ ప్రకారం ఆయన ఎండకు ఓర్వలేక, చెప్పులు జెట్టీ మీదే విప్పి, ఓడ అడుగున బస్తాల మీద కునుకు తీశాడు. పైన మూత వేసేశారు. మెలకువొచ్చి మూత బాదేసరికి ఓడ సముద్రంలో ఉంది. మొక్రోవ్‌స్క్‌లో ఉన్ని బూట్ల ఫ్యాక్టరీ క్యాంటీనుకి ఆ బియ్యంతోపాటే చేరాడు. సరుకు దించుకున్న గుమస్తా రాసిచ్చిన రసీదు క్లబ్బు గోడకి పటం కట్టి ఉందట. "బియ్యం నాలుగు వందల బస్తాలు, మనిషి ఒకరు. అందినవి."

ఇరవై ఆరేళ్ళుగా నేను ఈ జెట్టీలో సరుకు విడిపించే ఆఫీసులో గుమస్తాని. అంత శుభ్రమైన రసీదు నేను ఇంతవరకూ చూడలేదు.

అమ్మకి చెప్పకూడదు. ఆవిడకి బీపీ.

సెప్టెంబరు 21, ఆదివారం

అమ్మకి చెప్పకపోవడానికి కారణం బీపీ మాత్రమే కాదు. ఇక్కడైనా నిజం రాయాలి.

మా పెదమామయ్య పోయాక, నా పదిహేనో ఏట నుంచి తాత తద్దినం పెడుతున్నది నేను. ముప్పై మూడేళ్ళు. ఉద్యోగంలో పైకి రాలేదు, సొంత ఇల్లు కట్టలేదు, కోటేశ్వరిని ఒక్కసారి కూడా విశాఖపట్నం చూపించలేదు. కానీ ఆ పంచమి నాడు ఒక్క ఏడైనా నువ్వు గింజ తప్పనివ్వలేదు. వీడు చేతనైన పని ఒక్కటీ చెయ్యలేదు అని ఎవరైనా అంటే చూపించడానికి నాకు అది ఒక్కటే ఉంది.

ఇప్పుడు అది కూడా బతికున్న మనిషికి పెట్టిన పిండం అయింది.

సెప్టెంబరు 22, సోమవారం

గెన్నాది పెత్రోవిచ్ తన పుస్తకం పంపాడు. మూడు వందల పేజీలు. పిల్ల చదివి చెబుతుంటే విన్నాను. ఊరికే, కాలక్షేపానికి.

క్లబ్బు పేరు వాలెనోక్. అంటే ఉన్ని బూటు. 1934లో ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టారు. ఫ్యాక్టరీ మనిషి ఇంకో రకం బూటు వేసుకుంటే సరుక్కి అవమానమని మేనేజరు పట్టుపట్టాడట. అందుకని మొదటి మ్యాచ్‌కి పదకొండు మందీ మోకాళ్ళదాకా ఉన్ని బూట్లతో దిగారు. వాన పడి బూట్లు తడిసి ఒక్కొక్కటీ పసిపిల్లంత బరువైంది. పద్నాలుగుకి ఒకటి స్కోరుతో ఓడిపోయారు. ఆ ఒక్క గోలూ ఎలా వచ్చిందంటే, బంతి ఒకడి తడి బూటుకి అతుక్కుపోయింది, వాడు అలాగే కుంటుకుంటూ గోల్లోకి నడిచాడు.

యుద్ధం అయ్యాక తిండి కరువొచ్చి మైదానం కుడి సగంలో బంగాళాదుంపలు వేశారు. రెండేళ్ళు ఎడమవైపు నుంచే ఆడారు. దుంపలు తవ్వేశాక కూడా కుడివైపుకి ఎలా వెళ్ళాలో ఎవరికీ తెలియలేదట. క్లబ్బు గుర్తు గొర్రె. బొమ్మ వేసినవాడికి గొర్రె రాక మేక వచ్చింది. డబ్బై ఏళ్ళుగా అదే మేక.

ఇలాంటి క్లబ్బుకి మా తాత దొరికాడు. జారుడు బల్ల మీద నుంచి దొర్లివచ్చే బస్తాని గుండెతో ఆపేవాడికి బంతి ఒక లెక్కా? వచ్చిన మొదటి వేసవిలోనే గోల్లో నిలబెట్టారు.

నవ్వలేదు నేను. కోటేశ్వరి మాత్రం వంటింట్లోంచి, "ఏటండీ, ఒక్కరే ఇకిలించుకుంతన్నారు?" అంది.

సెప్టెంబరు 24, బుధవారం

నూట పన్నెండో పేజీ. పిల్ల రెండుసార్లు చదివింది, నేను మూడోసారి చదివించుకున్నాను.

"ప్రతి ఏడూ శరత్కాలంలో ఒక రోజు మన గోల్‌కీపరు ఏమీ తినడు. పొద్దున్నుంచి పొట్ట నిండిపోయింది అంటాడు. ఆ రోజు అతని మొహం చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఆ రోజు మ్యాచ్ ఉంటే ఒక్క గోల్ కూడా పడదు."

క్లబ్బుకి అంతకన్నా ఏం కావాలి? పెద్ద జట్లతో మ్యాచులు ఆ రోజుకే పెట్టించుకోవాలని చూశారు. తీరా ఆ రోజు ఏటా ఒకే తేదీన రాదు. ఒక ఏడు అక్టోబరు పదమూడు, ఇంకో ఏడు ఇరవై ఒకటి. ఫ్యాక్టరీ లెక్కల మనిషి ఒకాయన పదకొండేళ్ళు కూర్చుని పట్టికలు వేశాడు. చలిగాలిని బట్టి అన్నాడు, రైళ్ళ వేళల్ని బట్టి అన్నాడు, చివరికి ఏదీ తేలక తాగుడు మొదలుపెట్టాడట. అడిగితే నాలాంటివాడు అర నిమిషంలో చెప్పేవాడు. తిథి తేదీకి లొంగుతుందా?

సెప్టెంబరు 25

అమ్మ దగ్గర బిస్కట్ డబ్బా ఒకటి ఉంది. తద్దినం పెట్టిన రోజు కేలండరు కాగితం చింపి అందులో దాచడం అమ్మమ్మ మొదలుపెట్టిన అలవాటు. నేను ఆ డబ్బా తెరవను. నాకు ఆ అవసరం లేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

అమ్మ గుడికి వెళ్ళినప్పుడు తెరిచాను.

ఆయన ఆడిన ఏళ్ళూ, ఆ తర్వాత పుస్తకం వెనక పట్టికలో ఉన్న ఏళ్ళూ సరిపోయాయి. తేదీ తేదీకి. ఆ పట్టిక ఒక చేత్తో, చిరుగుల కాగితాలు ఒక చేత్తో పట్టుకుని వంటింటి గడప మీద కూలబడ్డాను. సరుకు చేరింది. ముప్పై ఆరేళ్ళు పెదమామయ్య పంపింది, ముప్పై మూడేళ్ళు నేను పంపింది, కస్టమ్స్ లేకుండా, ఓడ లేకుండా, ఒక్క మెతుకు తగ్గకుండా రష్యాలో మనిషి పొట్టలోకి చేరింది. ఏడ్చాను. ఉల్లిపాయలు దగ్గర్లోనే ఉన్నాయి, వాటి వల్ల కూడా కావచ్చు.

ఒక్క ఏడు కుదరలేదు. 1964. డబ్బాలో ఆ ఏటి కాగితం లేదు. గెన్నాది పుస్తకంలో ఆ శరత్కాలానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ రోజు పొట్ట నిండలేదు. ఆ రోజు అచ్చెన్న తొమ్మిది గోల్స్ తిన్నాడు.

ఇంకో సంగతి. ఉత్తరం చివర గెన్నాది రాశాడు. ఆయన పది రోజులుగా టీ తప్ప ఏదీ ముట్టడం లేదు. డాక్టరు ఆశ చెప్పడం లేదు. మీలో ఎవరైనా మాట్లాడితే తింటాడేమో అని.

అమ్మకి చెప్పాలి.

సెప్టెంబరు 27, శనివారం

చెప్పాను. నెమ్మదిగా, బీపీ మాత్ర వేశాక.

అమ్మ పొన్నగంటి కూర ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"మా అయ్య బొగ్గయిపోనాడు. నా కళ్ళతో సూసినాను," అంది. "గడ్డిబొమ్మని సేసి కాల్సీసినారు. ఆ బొమ్మ నాకిమ్మని ఏడిసినాను, ఇయ్యనేదు."

"అది బొమ్మే కదమ్మా. ఆయన రష్యాలో..."

"బతికుంటే ఉత్తరం ముక్క రాయనేడేటి? అరవై తొమ్మిదేళ్ళు బంతట్టుకుని కూకున్నాడేటి? నా పెళ్ళికి రానేదు, మా అమ్మ పోతే రానేదు. అలాటోడు నాకు అయ్యెలగవుతాడు? నా అయ్య సచ్చిపోయినోడే మంచోడు."

పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కూర సగమే ఒలిచింది.

సెప్టెంబరు 28, ఆదివారం

పిల్ల చేత అదే అడిగించాను. ఎందుకు రాయలేదు? గెన్నాది ఆయన మంచం పక్కన కూర్చుని అడిగి, జవాబు రాసి పంపాడు. అమ్మని కూర్చోబెట్టి పిల్ల చదివింది. చదివింది చదివినట్టే రాసి పెట్టుకుంటున్నాను.

"వచ్చిన ఏడాదికి ఒకరోజు పొద్దున్నే, ఏమీ తినకుండానే నా పొట్ట నిండింది. లెక్కవేస్తే పంచమి. ఇంట్లో నాకు కర్మ చేసేశారని అర్థమైంది. కర్మ అయిపోయినవాడు ఉత్తరం రాయకూడదు. గుమ్మం తొక్కకూడదు. ఇంటికి అరిష్టం. చిన్నపిల్ల ఉంది ఇంట్లో. అందుకని ఊరుకున్నాను. వాళ్ళు పెట్టింది తిన్నాను.

ఒక్క ఏడు నిండలేదు. నేను బతికున్నానని వాళ్ళకి తెలిసిపోయిందేమో, వెతుక్కుంటూ ఎవరైనా వస్తున్నారేమో అనుకున్నాను. ఆ రోజు మ్యాచ్ అంతా గేటు వైపే చూశాను. తొమ్మిది గోల్స్ పడ్డాయి. ఎవరూ రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ నిండింది."

పిల్ల చదవడం ఆపింది. కోటేశ్వరి పొయ్యి కట్టేసింది. అమ్మ గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ ఏడు మావు జెట్టీలో ఉన్నాం. సర్కారోల్లు పొమ్మంటే మనోల్లందరూ ఇండియా ఎల్లిపోతన్నారు. మా అమ్మ పెట్టె సర్దీసింది. మూడు రోజులు లైన్లోనే నిలబడ్డాం, తద్దినం ఎట్టడానికి పొయ్యి కూడా నేదు. మా వంతు వొచ్చినాది. మా అమ్మ నీల్లలోకి సూసి, 'మీ అయ్యిక్కడే ఉన్నాడు, ఒగ్గీసి రానేను' అని పెట్టె ఎత్తుకుని ఎనక్కొచ్చీసింది. ఆ గేటుకాడ ఆయన, ఈ గేటుకాడ మావు."

తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఒరే ధనా, ఆయనతో నాను మాటాడాల. కర్మయిపోనోడితో ఎలగ మాటాడతారో దాసు పంతుల్ని అడుగు."

సెప్టెంబరు 29, సోమవారం

దాసు పంతులు పొద్దున పూజలు చేస్తాడు, మధ్యాహ్నం నుంచి టాక్సీ నడుపుతాడు. దసరా రోజులు, దొరకడమే కష్టం. చిమిండైంగ్ బజారు దగ్గర బండిలోనే పట్టుకుని, వెనక సీట్లో కూర్చుని అంతా చెప్పాను. మధ్యలో ఎక్కిన బర్మా ఆవిడ కూడా దాసు తర్జుమాలో విని, దిగేటప్పుడు నాకు దణ్ణం పెట్టింది.

"దీనికి శాస్త్రం ఉంది బావూ," అన్నాడు దాసు. "కర్మయిపోనోడు తిరిగొస్తే మల్లీ పుట్టించాల. పురుడు పొయ్యాల, పదకొండో నాడు బారసాల సేసి పేరెట్టాల. అప్పుడు మడిసి కిందే లెక్క. ఆ తరవాత పెల్లాన్ని మల్లీ మనువాడాల. మీ అమ్మమ్మ పోనాది కాబట్టి అదొక్కటీ కలిసొచ్చినాది."

"ఆయన రష్యాలో ఉన్నాడు. ఇక్కడ ఎలా పుట్టిస్తాం?"

దాసు హారన్ కొట్టి ఆలోచించాడు. "మడిసి నేకుండా కాల్సినాం. మడిసి నేకుండా పుట్టిద్దాం. అందులో తప్పేటుంది?"

ఇంటికొచ్చి చెప్పాను. మరి కనేది ఎవరు అని కోటేశ్వరి అడిగింది. నిజంగా ఏమీ తోచకే అడిగింది పాపం.

"నానే," అంది అమ్మ.

ఎల్లుండి బుధవారం కంటే పదకొండో రోజు అక్టోబరు పదకొండు. కేలండరు చూశాను. ఆశ్వయుజ బహుళ పంచమి. ఏటా పిండం పెట్టే రోజు.

అక్టోబరు 1, బుధవారం

ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా తాత పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం.

దాసు దర్భలతో మూరెడు బొమ్మ చేశాడు. బిందెలో నీళ్ళు పోసి, నెయ్యి చుక్క వేసి, మంత్రం చదివి బొమ్మని బయటికి తీశాడు. కోటేశ్వరి పాత చీర ముక్కలో చుట్టి అమ్మ పక్కలో పెట్టింది. డబ్బై రెండేళ్ళ అమ్మ ఆ బొమ్మని అందుకున్న తీరు చూసి నేను వరండాలోకి వచ్చేశాను. అరవై తొమ్మిదేళ్ళ కిందట ఇవ్వనిది ఇప్పుడు ఇచ్చారు.

పక్కింటి డౌ సాన్ పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చింది. బుధవారం పుట్టినవాడికి అ అక్షరంతో పేరు పెట్టకూడదు, అది ఆదివారం అక్షరం అని బర్మా పద్ధతి చెప్పింది. ఈ పిల్లాడికి పేరు ముందే ఉందని అమ్మ సర్దిచెప్పింది.

ఆఫీసుకి ఆలస్యమైంది. కారణం రాయమన్నారు. "తాతగారు పుట్టారు" అని రాశాను. మా పెద్దాయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, సంతకం పెట్టేశాడు.

అక్టోబరు 3, శుక్రవారం

అమ్మ మంచం దిగడం లేదు. బాలింత కదా. చెవుల్లో దూది, నెత్తికి గుడ్డ, పూటకో ఉండ కాయం. పథ్యం కూడు. "మీయమ్మకి నా పురుడప్పుడు ఇంత సేవ సెయ్యాలని తోసిందా?" అని కోటేశ్వరి గిన్నెలతో చెబుతోంది. చెప్పింది గిన్నెలతోనే గానీ, ఇల్లంతా వినపడింది. అయినా వేళకి అన్నీ చేస్తోంది.

గెన్నాది ఈ వార్త క్లబ్బు బోర్డు మీద రాశాడట. "మన గోల్‌కీపరు రంగూన్‌లో పుట్టాడు." ఆటగాళ్ళు చూసి చప్పట్లు కొట్టారట. మంచం మీద ఆయనకి చెబితే, "ఎంత ఉన్నాను?" అని అడిగాడట. మూరెడు అని రాయించాను.

అక్టోబరు 5

టీ కూడా తగ్గించాడు. రోజుకి అర కప్పు.

అక్టోబరు 7, మంగళవారం

అమ్మకి భయం పట్టుకుంది. "పేరెట్టీసినాక ఇంక తద్దినం ఎట్టకూడదు కదా. ఎట్టకపోతే ఆయనకి కడుపెలగ నిండతాది? ఎట్టనేని ఏడే తొమ్మిది గోల్స్ తిన్నాడు. ఇప్పుడు ఒక్క గోలు కూడా తట్టుకోనేడు."

బతికున్నవాళ్ళందరూ నోటితో తినే నింపుకుంటున్నారు కదా అన్నాను ధైర్యంగా. బారసాల నాడే అన్నప్రాశన కూడా చేద్దామని దాసు ఒప్పుకున్నాడు. తొంభై మూడేళ్ళ పిల్లాడికి ఆరో నెల దాకా ఆగమనడం అన్యాయం. అక్కడ గెన్నాది భార్య పాలూ చక్కెరా వేసి బియ్యం ఉడికించి ఉంచుతుంది. మేం ఇక్కడ పేరు పెట్టగానే ఆయన నోట్లో చెంచాతో పెట్టాలి. తింటే బతుకుతాడని డాక్టరు అంటున్నాడు. తినకపోతే ఇంక రోజులే.

అక్టోబరు 9

నువ్వులు కొన్నాను. ఇంట్లో నువ్వులు ఉండటం ఎప్పుడూ మంచిదే.

అక్టోబరు 11, శనివారం, ఉదయం

తెల్లవారగానే ఊరికే జెట్టీ దాకా నడిచి వచ్చాను. గాలి బాగుంది. కాకులు కూడా బాగానే ఉన్నాయి.

అక్టోబరు 11, సాయంత్రం

వరసగా రాస్తాను.

పన్నెండు గంటలకి ఫోను కలిపారు. అక్కడ అప్పటికి పొద్దున ఎనిమిదిన్నర. పెద్ద దిళ్ళకి ఆనుకుని ఒక చిన్న ముసలాయన. గడ్డం గీశారు. మేక బొమ్మ ఉన్న ఆకుపచ్చ గోల్‌కీపరు చొక్కా వేశారు. వెనక పదకొండు మంది ఆటగాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు, పరీక్షకి వచ్చినవాళ్ళలా. మా ఇంట్లో చాప మీద ఉయ్యాల, అందులో బొమ్మ, పక్కన అమ్మ. కిటికీ మీద ఒక కాకి. ఈ రోజు రావడం దానికి ఏటా అలవాటే. "ఈ ఏడు నేదు, పో," అని అమ్మ దాన్ని తోలింది. నేను ఇంకోవైపు చూశాను.

పళ్ళెంలో బియ్యం పోశారు. పేరు రాయాలి. అమ్మకి రాయడం రాదు. నేను చెయ్యి పట్టి రాయిస్తానంటే వద్దంది. వేలితో బియ్యంలో చేప గీసింది. అమ్మమ్మ చేతి మీదిది, ఆయన చేతి మీదిది. ఆ పళ్ళెం ఫోనుకి చూపించారు. ఆయన తన చేతిని పైకెత్తి చూసుకున్నాడు. తర్వాత అమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చంటిపిల్లల చెవిలో చెప్పినట్టు మూడుసార్లు చెప్పింది. "అచ్చెన్న. అచ్చెన్న. అచ్చెన్న."

ఆయన మొహం తిప్పుకున్నాడు. గెన్నాది భార్య చెంచా నోటి దగ్గర పెట్టింది. నోరు తెరవలేదు. మళ్ళీ పెట్టింది. ఆయన చాలా ప్రశాంతంగా నవ్వి రష్యన్‌లో ఏదో అన్నాడు. సత్యశ్రీ మొహం పాలిపోయింది.

"ఏటన్నాడు?" అంది అమ్మ.

"పొద్దున్నుంచి పొట్ట నిండిపోనాదంట మామ్మా."

దాసు గంట వాయించడం ఆపేశాడు. అమ్మ మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. తల్లి కదా.

"నువ్వేటైనా ఎట్టీసినావేట్రా?"

ఎట్టీసినాను. తెల్లవారుజామున జెట్టీ మీద. ముప్పై మూడేళ్ళుగా ఆ రోజు చేతులు వాటంతట అవే పోతాయి. పెట్టకపోతే ఆయనకి ఏమవుతుందోనని భయం వేసింది. పేరు పెట్టేది మధ్యాహ్నం కదా, పొద్దున ఇంకా చచ్చినవాడే కదా అని లెక్క చూసుకున్నాను. కాకి వెంటనే ముట్టింది. అంత వెంటనే ఏ ఏడూ ముట్టలేదు. నాకు సంతోషం కూడా వేసింది. తల వంచుకున్నాను, అంతే.

"బుద్ధి నేని ఎదవా! పొద్దున్నే మా అయ్యని మల్లీ సంపీసినావేట్రా!"

నలభై ఎనిమిదేళ్ళ వాడిని, పెళ్ళాం ముందు, కూతురి ముందు, రష్యా ఫుట్‌బాల్ జట్టు ముందు తిట్టింది. పడ్డాను. అక్కడ గెన్నాది భార్య చెంచా దించేసింది. ఆయన కళ్ళు మూసుకుంటున్నాడు. దాసు తల గోక్కుని, దీనికి శాస్త్రంలో ఏమీ కనిపించడం లేదు బావూ అన్నాడు.

అమ్మ ఉయ్యాలలోంచి బొమ్మని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఫోను నిలబెట్టింది. అన్నం తినని పిల్లల్ని మా ఇంట్లో ఎలా కసురుతుందో అదే గొంతు.

"అయ్యా, ఇటు సూడు. నాను గంగాభవానిని. నీ కూతుర్ని. ఇప్పుడు నీకు అమ్మని. పొద్దున నీ మనవడు ఎట్టింది సచ్చిపోయినోడికి. ఆడు తిన్నాడు, ఎల్లిపోనాడు. నువ్వు ఆడివి కావు. పన్నెండు గంటలకి నీకు పేరెట్టినాను. పుట్టినకాణ్ణించి నువ్వు ఒక్క మెతుకు కూడా ముట్టనేదు. నీ కడుపెలగ నిండతాది? అబద్దాలాడకు. నోరు తెరు."

సత్యశ్రీ రష్యన్‌లోకి మార్చబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన కళ్ళు తెరిచి ఫోనులో అమ్మని చూశాడు. అమ్మ ఒళ్ళోని బొమ్మని చూశాడు. అమ్మని మళ్ళీ చూశాడు. చేతిని పొట్ట మీద వేసుకుని, వెతుక్కుంటున్నట్టు, కాసేపు అలాగే ఉన్నాడు.

నోరు తెరిచాడు.

చెంచా లోపలికి పోయింది. పళ్ళు లేవు, దవడలు మెల్లగా కదిలాయి. గొంతు కదిలింది. వెనక గోడ దగ్గర పదకొండు మందిలో ఒక్కడు కూడా ఊపిరి తీయలేదు. మింగాడు. పెదవి మీద ఒక మెతుకు మిగిలితే అది కూడా నాలుకతో తీసుకున్నాడు. ఆ తర్వాత, అరవై తొమ్మిదేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని భాషలో, అమ్మ కసురుకి జడిసిన పిల్లాడిలాగే అన్నాడు.

"ఇంకొంచెం ఎట్టమ్మా."

అక్టోబరు 12, ఆదివారం

వాలెనోక్ ఇవాళ నాలుగు సున్నాతో ఓడిపోయిందని గెన్నాది రాశాడు. డబ్బాలో పెట్టడానికి నిన్నటి కాగితం చింపబోతే అమ్మ వద్దంది. బాలింత గుడ్డ తీసేసి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఓడిపోయిన సంగతి చెప్పాను.

"పోతే పోనాది. ఆయన పొద్దున ఏటి తిన్నాడో అడుగు," అంది.